షూర్ ఎవరి మనిషి?

బెర్గెన్
సెప్టెంబరు, 1984

అక్కా,

ఫోన్ చేస్తే బావ ఎత్తుతాడు. ఆయన "ఎలా ఉన్నాడు?" అంటాడు, నేను "అలాగే ఉన్నాడు" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ఊపిరి పీల్చుకుంటూ నిలబడతాం. మీ ఫోన్ వంటింటి గోడకే కదా, నువ్వు ఎత్తినా ఆయన బల్ల దగ్గరే ఉంటాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పోస్టు వచ్చే వేళకి ఆయన పాలకేంద్రంలో ఉంటాడనే ధైర్యంతో.

షూర్‌కి నిన్న మళ్ళీ ఆపరేషన్ చేశారు. తుంటిలో ఇనుప పలక వేశారు. డాక్టరు మంచివాడే గానీ మాట మెత్తగా చెప్పడం రాదు. "నడుస్తాడు, కర్ర సాయంతో. పశువుల కొట్టం సంగతి మాత్రం మరిచిపోండి" అనేశాడు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. గోడ వైపు తిరిగాడంటే ఏడుస్తున్నాడని నాకు మాత్రమే తెలుసు.

ఇక అసలు సంగతి. బీమా ఆఫీసు నుంచి త్వైత్ గారని ఒకావిడ వచ్చింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని, "మీరు ఎవరి మనిషి?" అని అడిగింది. ఒకరి కింద పనిచేస్తూ దెబ్బ తగిలించుకున్నవాడైతే బతికున్నంతకాలం వాళ్ళే చూసుకుంటారట. సొంతంగా పని చేసుకునేవాడైతే తన బీమా తనే కట్టుకుని ఉండాలట. మేం కట్టుకోలేదు. ఇంత చెప్పాక కూడా ఈ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "నేను నా మనిషినే" అన్నాడు.

ఎందుకంటాడో నాకు తెలుసు. కిందటేడు మీ వంటింట్లో బావ దగ్గరుండి ఈయన చేత సొంత వ్యాపారం అని నమోదు చేయించాడు. "ఇకమీదట నీకు నువ్వే యజమానివోయ్, బిల్లు పంపు, డబ్బు తీసుకో" అని వీపు తట్టాడు. ఈయన దాన్ని గౌరవం అనుకున్నాడు. ఇంటికొచ్చి నాకు చెప్పుకుని మురిసిపోయాడు. ఆ మురిపెం మంచాన పడ్డా వదల్లేదు.

యజమానట, యజమాని! కొట్టం మీది, ఆవులు మీవి, పాల మిషను మీది, ఒంటి మీద నీలం తొడుగు కూడా మీదే. ఈయనవి కాళ్ళకున్న బూట్లు మాత్రమే. మీరు డెన్మార్కులో పాతికేళ్ళ పెళ్ళిపండగ చేసుకుంటూ ఉంటే, ఈయన మీ ఆబోతుకీ మీ గోడకీ మధ్య నలిగిపోయాడు. మీ పండగని తప్పుపట్టడం లేదక్కా. ఎన్నాళ్ళకి ఇల్లు కదిలావు నువ్వు!

త్వైత్ గారు మీ ఇంటికీ వస్తారు. షూర్ మీ కింద పనివాడని ఒక్క మాట చెప్పు. అంతకుమించి ఏమీ అడగను.

సున్నివ

*

ఓర్విక్
అక్టోబరు

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు. బంగాళదుంపలు సగం నేలలోనే ఉన్నాయి, తవ్వితే బురద ముద్దలు వస్తున్నాయి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై మేడ దిగడం మానేశారు, అన్నీ పైకే మోస్తున్నాను. ఆబోతుని కబేళాకి పంపేశాం. షూర్‌కి ఉన్ని మేజోళ్ళు, ఉప్పువేసిన గొర్రె తొడ, గోధుమరంగు మేకజున్ను బస్సులో పంపుతున్నాను. జున్ను పలచగా కోసి పెట్టు, ఆసుపత్రి రొట్టె మీద వేస్తేనైనా నోటికి రుచిస్తుంది.

నువ్వు అడిగింది చదివాను. ఆయనతో అన్నాను, నీ పేరు ఎత్తకుండానే. ఆయన అనేదేమిటంటే, "షూర్‌కి నేనేనాడూ ఆరింటికి రా అని చెప్పలేదు. ఆవులు చెప్పాయి. పాలు పిండే వేళ యజమాని పెట్టిందా, పొదుగు పెట్టిందా? అతను వచ్చేవాడు, తన పని తను చేసుకునేవాడు, పక్కన నిలబడి చూసినవాడెవడూ లేడు. అలాంటివాణ్ణి పనివాడంటారా?" నాకు చట్టాలు తెలియవు. వింటే నిజమే అనిపించింది.

ఆయన మనసులో చెడు లేదు సున్నివా. ఆ కాగితాల వల్ల షూర్‌కి గౌరవంగా ఉంటుందనే అనుకున్నారు. ఇప్పుడు ఆయన యజమాని అని తేలితే కట్టని పన్నులూ జరిమానాలూ అన్నీ నెత్తిన పడతాయి. పాల సంఘంలో ఆయన పెద్ద మనిషి. రేపు నలుగురిలో ఏ మొహం పెట్టుకు తిరుగుతారు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. మన ఇంటి సంగతి ఆఫీసులదాకా ఎందుకు? కట్టెలూ దుంపలూ మాంసం ఆయనే ఇస్తామంటున్నారు. పొలం దిగువనున్న కింది ఇంట్లో మీరు ఎన్నాళ్ళైనా ఉండొచ్చు అని కూడా అన్నారు.

షూర్‌ని అడిగానని చెప్పు.

బోర్గిల్

*

బెర్గెన్
అక్టోబరు

అక్కా,

గొర్రె తొడ అందింది. షూర్ తిన్నాడు. నాకు మింగుడుపడలేదు.

"కింది ఇంట్లో ఎన్నాళ్ళైనా ఉండొచ్చు" అన్నాడా బావ? మేం అడిగామా? ఇన్నేళ్ళుగా ఉంటున్న ఇంట్లో ఉండమని కొత్తగా చెప్పాడంటే, నోరు మూసుకుంటేనే ఉండమని అర్థం. నువ్వు ఆ మాట రాసేటప్పుడు నీ చెయ్యి ఆగలేదా?

ఆవులు పిలిచాయట! ఈ మాట షూర్‌కి చెబితే చాలా రోజులకి నవ్వాడు, తర్వాత తుంటి నొప్పిపుట్టి మూలిగాడు. సరే, ఆవులే పిలిచాయనుకుందాం. త్వైత్ గారు నాకు చెప్పింది విను. పనివాడా, సొంత మనిషా అని తేల్చడానికి వాళ్ళు కాగితం మీద ఏ పేరుందో చూసి ఊరుకోరట. సామాను ఎవరిది, పని ఎలా చెయ్యాలో చెప్పేదెవరు, ఇంకెక్కడైనా కూడా చేస్తాడా, నష్టం వస్తే ఎవరిది, ఇవన్నీ చూస్తారట. ఇంకో పెద్ద ప్రశ్న ఉంది. తను రాలేని రోజున తన బదులు వేరే మనిషిని పంపే హక్కు ఉందా? పంపగలిగితే అది వ్యాపారం. తనే రావాల్సివస్తే అది కొలువు.

బావ వాంగ్మూలం వాళ్ళకి ముందే అందింది. "ఎవరినైనా పంపుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు" అని రాశాడట.

అక్కా, ఫిబ్రవరి గుర్తుందా? బయట మంచు, షూర్ జ్వరంతో వణికిపోతున్నాడు. నువ్వు పడుకో, నేను వెళ్తానని చెప్పి చీకట్లోనే బయల్దేరి వచ్చాను. మన నాన్న కొట్టంలో నీకంటే ముందు పాలు పిండటం నేర్చుకున్నదాన్ని నేను. పాలగది గుమ్మంలో నువ్వు అడ్డంగా నిలబడ్డావు. "వద్దే సున్నీ, ఆయన ఒప్పుకోరు. కొత్త చెయ్యి పడితే ఆవులు చేపవు, పాలు ఎగబెడతాయి. షూర్‌నే రమ్మన్నారు" అన్నావు. వేడి కాఫీ ఇచ్చి వెనక్కి పంపావు. నేను ఇంటికి వెళ్ళి దుప్పటి లాగి ఆయన్ని లేపాను. జ్వరంతో వచ్చి మీ ఆవుల్ని పిండాడు. ఆ వారమంతా దగ్గుతూనే ఉన్నాడు.

ఆ గుమ్మంలో మనిద్దరమే ఉన్నాం. నేను చెబితే పెళ్ళాం కాబట్టి చెబుతోందంటారు. నువ్వు చెబితే నమ్ముతారు.

చెబుతావా?

సున్నివ

*

ఓర్విక్
అక్టోబరు చివర

సున్నివకి,

ఫిబ్రవరిలో నువ్వు వచ్చినట్టు నాకు గుర్తు లేదు. రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, అందరికీ కాఫీ ఇస్తూనే ఉంటాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆబోతు దగ్గరికి వెళ్ళేటప్పుడు మధ్య గేటు వేసుకోవాలని షూర్‌కి తెలియదా? పసితనం నుంచీ పశువుల్లో ఉన్నవాడు. ఆ గేటు వేసి ఉంటే ఇవాళ ఈ ఉత్తరాలే ఉండేవి కావు. దాన్ని గురించి మాత్రం మీ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఆయనకి రాత్రి నిద్ర పట్టడం లేదు. ఛాతీ పట్టుకుని కూర్చుంటున్నారు. ఈ పొలం పోతే నేను ఎక్కడికి పోవాలి? నీకు నీ మొగుడు ఎంతో, నాకూ అంతే.

బోర్గిల్

*

బెర్గెన్
నవంబరు

ఓర్విక్ ఆర్న్‌ఫిన్ గారి భార్యకి,

గేటు గొలుసు వేసవి నుంచీ తెగిపోయి ఉంది. షూర్ రెండుసార్లు చెబితే మీ ఆయన "చూద్దాంలే" అన్నాడు. మీకు ఇదీ గుర్తుండదు.

ఇంతవరకూ నేను ఒక సంగతి రాయలేదు. షూర్ రాయనివ్వలేదు. "మీ అక్కని ఇరకాటంలో పెట్టకే" అన్నాడు. గేటు మాట చదివి వినిపించాక, "సరే, రాసుకో" అన్నాడు. ఆ "సరే" అనేటప్పుడు ఆయన మొహం మీరు చూడలేదు.

ఆ రోజు పొద్దున్న డెన్మార్కు నుంచి బావ ఫోన్ చేశాడు. కబేళా లారీ ఎల్లుండి వస్తోంది, ఆబోతుని వెనక కొట్టంలోంచి ముందు కట్టుకి మార్చు అన్నాడు. షూర్ అన్నాడట, "ఇంకో మనిషి ఉంటే బావుణ్ణు, మీరు వచ్చేదాకా ఆగుదాం" అని. "లారీ నీకోసం ఆగదు, మార్చెయ్" అన్నాడట బావ. షూర్ ఫోన్ పెట్టేసి వెళ్ళి మార్చబోయాడు. తన సొంత వ్యాపారం కదా మరి!

ఫోన్‌లో వెనక నుంచి మీ గొంతు వినబడిందట. ఏమన్నారో మాత్రం తెలియలేదట.

త్వైత్ గారు ఈ నెలాఖరున మీ ఇంటికి వస్తారు. మీకు ఏది గుర్తుంటే అదే చెప్పండి. నేనింక అడగను.

సున్నివ

*

ఓర్విక్
డిసెంబరు

సున్నీ,

ఈ ఉత్తరం అత్తగారి గదిలో కూర్చుని రాస్తున్నాను. కింద ఆయన ఉన్నారు. నాలుగు రోజులైంది మాట లేదు. పళ్ళెం పెడితే నిలబడి తిని వెళ్ళిపోతున్నారు.

ఆవిడ వచ్చింది. వయసులో నా అంతే ఉంటుంది, ముక్కు మీద కళ్ళద్దాలు, మాట చాలా నెమ్మది. లెఫ్సా రొట్టెలు వెన్న రాసి పెట్టాను. రెండు తిని, బావున్నాయని చెప్పి, మూడోది వద్దని, అప్పుడు మొదలుపెట్టింది. ఆయన తన ఆవుల మాట చెప్పారు. "నేనెప్పుడూ వేళ పెట్టలేదమ్మా. వాటి పొదుగులే గడియారం."

ఆవిడ తల ఊపింది. "ఆవులు ఎవరివండీ?"

"నావే."

"అయితే మీ తరఫునే పిలిచాయన్నమాట" అని రాసుకుంది.

నాకు నవ్వొచ్చింది, సున్నీ. అంత గుబులులో నవ్వు రావడమేమిటో! కాఫీ కెటిల్ తెచ్చే వంకతో అటు తిరిగాను. అప్పుడు బదులు మనిషి ప్రశ్న వచ్చింది. "ఎవరినైనా పంపుకోవచ్చు. నాకు పని కావాలి గానీ మనిషి ఎవరైతేనేం?" అన్నారు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా. ఆవిడ కళ్ళద్దాల మీంచి నన్ను చూసింది. "ఎప్పుడైనా పంపాడా అమ్మా?"

నేను ఏమన్నానో తెలుసా? "ఆవులకి వేళైంది" అని లేచాను. నిజంగానే వేళైంది. తప్పించుకుందామనీ ఉంది.

ఆవిడ వదిలితేనా! "నేనూ వస్తాను, చూడొచ్చా?" అంది. పట్నం చెప్పులు, బురద. నా పాత రబ్బరు బూట్లు ఇచ్చాను. కొట్టంలో ఓ మూల నిలబడి, నేను పొదుగులు కడిగి మిషను తగిలిస్తుంటే చూసింది. చాలాసేపటికి, "పొద్దున కూడా మీరేనా?" అంది. అవునన్నాను. షూర్ లేడు కదా ఇప్పుడు. "షూర్ ఉన్నప్పుడు?" అంది. షూర్ వారంలో కొన్ని రోజులే, మిగతా రోజులు నేనే అన్నాను. "దూడలు?" నేనే. "గొర్రెలు ఈనేటప్పుడు?" నేనే. ఆయన పొలం పనీ సంఘం పనీ చూసుకుంటారు అన్నాను.

"మరి మీరు ఇక్కడ ఎవరు?" అంది.

ఆయన అప్పటికే గుమ్మంలోకి వచ్చారు. "ఎవరేమిటి? నా భార్య" అన్నారు.

"అది తెలుసండీ. పొలం ఎవరి పేర ఉంది?"

"నా పేర."

"జీతం ఇస్తారా?"

"పెళ్ళానికి జీతమేమిటి!" అని నవ్వారు ఆయన.

ఆవిడ నవ్వలేదు. "యజమాని కాదు, పనివారు కాదు. ఇదే ఆబోతు ఈవిణ్ణి తొక్కి ఉంటే ఈవిడ గురించి ఎక్కడ రాయాలో నాకు తెలియదు" అంది. నాతో కాదు, ఆయనతో కాదు, చేతిలో పుస్తకంతో అన్నట్టు అంది.

సున్నీ, నేను వంగి ఉన్నాను, ఆవు డొక్కకి నుదురు ఆనించి. అలాగే ఉండిపోయాను. ఇన్నాళ్ళూ షూర్ ఎవరి మనిషి అని మీరంతా కొట్టుకుంటుంటే, నేను ఆర్న్‌ఫిన్ మనిషినని నాకు నేను చెప్పుకుంటూ నిన్ను గాయపరిచాను. పొలం పోతే నేనెక్కడికి పోవాలి అని రాశాను నీకు. పోవడానికి అది నాదైతే కదా! నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. చాలామటుకు నా మీదే.

లేచి నిలబడి చెప్పాను. ఫిబ్రవరిలో నువ్వు వచ్చావనీ, ఆయన మాట మీద నేనే వెనక్కి పంపాననీ చెప్పాను. గుర్తులేదని నీకు రాసింది అబద్ధం. కాఫీ తాగేటప్పుడు నీ చేతులు ఎర్రగా కమిలిపోయి ఉండటం కూడా గుర్తుంది. గొలుసు తెగిన సంగతి చెప్పాను. డెన్మార్కు ఫోన్ సంగతీ చెప్పాను. అక్కడ హోటలు గదిలో నేను అన్న మాట, "ఒక్కణ్ణే వెళ్ళొద్దనండి, మనం వచ్చేదాకా ఆగమనండి." ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నావైపు ఒక్క చూపు చూశారు. కిటికీ దగ్గరికి వెళ్ళి సముద్రం చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపట్లోనే షూర్ కొట్టంలోకి వెళ్ళి ఉంటాడు.

ఆవిడ అన్నీ రాసుకుని, చదివి వినిపించి, బూట్లు కడిగి ఇచ్చి వెళ్ళిపోయింది. కారు మలుపు తిరిగేదాకా ఆయన కదల్లేదు. తర్వాత అడిగారు, గొంతు పెంచకుండా, "నువ్వు ఎవరి మనిషివే?"

"ఆవిడా అదే అడిగింది" అన్నాను.

అత్తగారు అంతా విన్నారు, మేడ మీదికి అన్నీ వినబడతాయి. నిన్న నేను దువ్వెన తీసి తల దువ్వుతుంటే నా మణికట్టు పట్టుకుని కాసేపు వదల్లేదు.

నాకు భయంగా ఉంది. చెప్పినందుకు మాత్రం విచారం లేదు.

అక్క

*

బెర్గెన్
జనవరి, 1985

నా బంగారు అక్కా,

తేలింది! షూర్ మీ కింద పనివాడే అని తేలింది. కాగితం మీద సొంత వ్యాపారం అని ఉన్నా అది పేరుకేననీ, జరిగిందంతా కొలువేననీ రాశారు. నెల నెలా డబ్బు వస్తుంది. నడక నేర్పే ఆసుపత్రిలో చోటు కూడా ఇచ్చారు. నేను చదివి వినిపిస్తే ఈయన ఏమన్నాడో చెప్పుకో. "అయితే నేను యజమానిని కానన్నమాట" అన్నాడు, కాస్త దిగులుగా! దుప్పటి మీద చేతికందిన చోటల్లా కొట్టాను, దెబ్బ తగలని వైపు చూసుకుని. తర్వాత ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. ఈసారి గోడ వైపు తిరగలేదు.

"ఆర్న్‌ఫిన్ గారి భార్యకి" అని రాశాను నీకు. ఆ కాగితం దొరికితే పొయ్యిలో పడెయ్. నా నోటి దురుసు నీకు కొత్త కాదుగా. చిన్నప్పుడు జడ పట్టుకు లాగేదానివి, ఇప్పుడు ఏం లాగుతావో లాగు, పడతాను.

బావ ఎలా ఉన్నాడు? సంతోషంలో ఆ మాట మరిచిపోయాననుకోకు. జరిమానా ఎంత పడింది? నిన్నేమైనా అంటున్నాడా? నిజం రాయి. ఇక్కడ నా గదిలో రెండో మంచం పడుతుంది. నువ్వు వచ్చేస్తానంటే రేపే బస్సు దగ్గర నిలబడతాను.

నీ సున్నీ

*

సొల్‌హైమ్ వారి పొలం, ఫియర్డు సముద్రపాయకి అవతలి ఒడ్డు
ఫిబ్రవరి

సున్నీ,

పైన ఊరు చూసి కంగారుపడకు. నేను బాగానే ఉన్నాను.

ఆర్న్‌ఫిన్ ఏమీ అనలేదు. అదే బరువైంది. ఒకరోజు పొద్దున్నే నాతో కాకుండా కిటికీతో అన్నాడు, "పై అడవి అమ్మాలి" అని. అడవి అతనిది, అమ్మేదీ అతనే. నన్ను అడగలేదు, నాకు చెప్పనూలేదు. బయట పని చూసుకోవాలని అప్పుడే అనుకున్నాను. పాడిరైతులకి బదులు పనివాళ్ళని పంపే సంఘం ఉంది కదా, ఆ ఆఫీసుకి బస్సెక్కి వెళ్ళాను. "ఏ పని వచ్చు?" అని అడిగారు. చెప్పాను. ఆ మర్నాడే పని ఇచ్చారు.

ఇక్కడ సొల్‌హైమ్ గారికి వెన్ను ఆపరేషన్. రెండు నెలలు నేను చూడాలి. నా పేరు మీద కాగితం ఉంది. బీమా ఉంది. వారానికి రెండు రోజులు సెలవు. మొదటి సెలవు రోజు ఏం చెయ్యాలో తోచక ఇంటావిడ వద్దంటున్నా కిటికీలన్నీ తుడిచాను. రెండో సెలవుకి పడుకున్నాను. పగలు పడుకున్నానే, దేవుడా!

ఇల్లు వదిలేశానని ఎవరికీ చెప్పకు. వదిలానో లేదో నాకే తెలియదు. అత్తగారిని ఆర్న్‌ఫిన్ చెల్లెలు వచ్చి చూస్తోంది, ఏప్రిల్ దాకా ఉంటుందట. ఆర్న్‌ఫిన్‌కి ఒక మాట చెప్పి వచ్చాను. "పనికి మనిషి కావాలంటే సంఘాన్ని అడుగు" అన్నాను. పౌరుషంతో అనలేదు. అందరూ చేసేదే చెప్పాను.

ఒక్కోసారి వేకువన మెలకువ వచ్చి, ఎక్కడున్నానో తెలియక భయపడతాను. తర్వాత గుర్తొస్తుంది. ఆ తర్వాత మళ్ళీ భయం వేస్తుంది, ఈసారి వేరే రకం భయం.

అక్క

*

ఓర్విక్
ఏప్రిల్

సున్నివకి, షూర్‌కి,

ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదు. పాల సంఘానికి రాసినట్టే రాస్తాను.

మీరు గెలిచారు. మీరు ఆఫీసుకెక్కడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. అక్కడ మీరు చెప్పింది నిజం, అది వేరే సంగతి. అడవి అమ్మేశాను. గేటుకి కొత్త గొలుసు వేశాను. కింది ఇంటి గురించి ఒక మాట అన్నాను, అది అన్న తీరు బాగాలేదు. ఆ ఇల్లు మీదే, షూర్ మెట్లు ఎక్కలేడని గుమ్మం దగ్గర చెక్కలతో వాలుబాట వేశాను. కాస్త ఏటవాలు ఎక్కువైంది, మళ్ళీ కొడతాను.

ఇప్పుడు నాకొచ్చిన చిక్కు చెబుతాను. మా చెల్లెలు ఈ వారం వెళ్ళిపోతుంది. సొల్‌హైమ్ గారు లేచి తిరుగుతున్నారని విన్నాను. బోర్గిల్ ఇంటికి వస్తుందో రాదో చెప్పలేదు. నేను అడగలేదు. నాకూ ఉంది పౌరుషం. మనిషి కావాలంటే సంఘాన్ని అడుగు అందిగా, ఆ బదులు పనివాళ్ళ సంఘానికే ఫోన్ చేశాను.

ఒక అమ్మాయి ఎత్తింది. "ఏమేం పనులండీ?" అంది. పొద్దునా సాయంత్రం పాలు అన్నాను. పాలగది కడగాలి. దూడలకి పాలు పట్టాలి. గొర్రెలు ఈనుతున్నాయి, రాత్రిళ్ళు చూడాలి. గడ్డికోతకి ట్రాక్టరు మీద కూర్చోవాలి. దుంపలు నాటాలి. మా అమ్మకి స్నానం చేయించి అన్నం మేడ మీదికి మొయ్యాలి. వంట. పన్నుల లెక్కలు. మళ్ళీ గుర్తు తెచ్చుకుని ఇంకా చెప్పాను. ఆ అమ్మాయి "ఒక్క నిమిషం" అని లోపల ఎవరితోనో మాట్లాడి వచ్చింది. "ఇది ముగ్గురు చేసే పనండీ. ఇంతకుముందు మీ దగ్గర ఎంతమంది ఉండేవారు?" అని అడిగింది.

నేను ఫోన్ పెట్టేశాను.

కాసేపు కొట్టంలో తిరిగి మళ్ళీ చేశాను. ముగ్గురికి ఇచ్చుకునే తాహతు నాకు లేదు, ఒక్కరిని పంపండి, అంతా చేసుకునే మనిషిని పంపండి అన్నాను. చూసి చెప్పింది. ఇటువైపు వచ్చే సోమవారానికి ఖాళీ అయ్యే మనిషి ఒక్కరే ఉన్నారట. చాలా మంచి పనిమంతురాలట, సొల్‌హైమ్ వారు మెచ్చుకుంటూ రాశారట. పేరు చెప్పింది.

మా ఆవిడ పేరే. "యజమాని అన్నచోట మీ సంతకం కావాలి, పంపమంటారా?" అంది ఆ పిల్ల. కొత్తగా వచ్చినట్టుంది, మా ఇంటిపేరు పట్టించుకోలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

సోమవారంలోగా చెప్పాలి. నేను బోర్గిల్‌కి యజమానినని సంతకం పెట్టలేను, చెయ్యి రావడం లేదు. భార్యవి కాబట్టి రా అంటే వస్తుందన్న ధైర్యం పోయింది. సగం పొలం తన పేర రాయిస్తానంటే, అడవి అమ్మేశాక గుర్తొచ్చానా అంటుంది, అనాల్సిందే. సున్నివా, మీ ఇద్దరూ రాసుకుంటారుగా. నేను ఏమని పిలిస్తే వస్తుందో ఆమెనే అడిగి నాకు రాయి. ఏది చెబితే అదే అంటాను.

ఆర్న్‌ఫిన్